కోచ్ అంటే రైలు పెట్టె, కోచ్ అంటే గురువు: ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

బ్రాడీపేట 4వ లైను
అందరికీ నమస్కారం. ‘కోచ్’ అనే ఇంగ్లీషు మాట గురించి తెలిసినవాళ్లు చెప్తారని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. టికెట్ మీద ఎస్‌4 కోచ్ అని ఉంటే అది రైలు పెట్టె. క్రికెట్ జట్టుకు కోచ్ అంటే ఆట నేర్పే మనిషి. ఇక కోచింగ్ సెంటర్ సంగతి మన గుంటూరు, విజయవాడ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, వీధికొకటి ఉంది. పెట్టెకూ పాఠానికీ సంబంధం ఏమిటి? రాయడం ఒకేలా ఉన్నా అసలు రెండూ వేర్వేరు మాటలేమో అనుకున్నాను. డిక్షనరీ తీస్తే రెండూ ఒకే మాట కిందే ఉన్నాయి. ఎందుకు అలా ఉన్నాయో మాత్రం అందులో లేదు. మా అమ్మాయి ఇంటర్‌లో ఉంది, తను అడిగితే నేను చెప్పలేకపోయాను. కాస్త వివరంగా రాయండి, తనకూ చదివి వినిపిస్తాను.

గ్రూప్స్ ప్రిపరేషన్
మేడం, నాకు తోచింది చెప్తున్నా. సోఫాను ‘కౌచ్’ అంటారు కదా. స్లీపర్‌లో పడుకునే వెళ్తాం కాబట్టి అదే కోచ్ అయ్యిందేమో?

తెనాలి ఇంగ్లీషు మాస్టారు
తమ్ముడూ, కౌచ్ వేరే మాట. అది ఫ్రెంచిలో పడుకోవడానికి వాడే మాట నుంచి వచ్చింది. కోచ్ పుట్టిల్లు ఫ్రాన్స్ కాదు, ఇంగ్లాండ్ అసలే కాదు. హంగరీ.

హంగరీలో కోచ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ పేరును ఇంచుమించు మనం ఈ మాటను పలికినట్టే పలుకుతారు. బుడా నుంచి వియన్నాకు వెళ్లే పాత రాదారి మీద ఉంటుంది. బుడా అంటే ఇప్పటి బుడాపెస్ట్‌లో సగం. ఆ రెండు పట్నాల మధ్య రాజుగారి మనుషులు, వర్తకులు, ఉత్తరాలు ఎప్పుడూ తిరుగుతూ ఉండేవి. రాకపోకలు ఎక్కువున్న చోట బండి చేసేవాళ్లకు పని ఎక్కువ, పోటీ ఎక్కువ. 15వ శతాబ్దంలో ఆ ఊరి వడ్రంగులు బరువు మోసే మోటు బండిలా కాకుండా, మనుషులు కూర్చుని వేగంగా వెళ్లడానికి పనికొచ్చే తేలికపాటి బండి చేశారు. దానికి ‘కోచి సెకేర్’ అని పేరు. సెకేర్ అంటే బండి, కోచి అంటే కోచ్ ఊరిది. రానురాను బండి అనే మాట రాలిపోయి ‘కోచి’ మాత్రం మిగిలింది.

బండి నచ్చిన ప్రతి దేశమూ పేరును కూడా తీసుకుపోయింది. జర్మన్‌లో కుట్‌షె, ఫ్రెంచిలో కోష్, స్పానిష్‌లో కోచే. ఇంగ్లీషులోకి 16వ శతాబ్దం నడిమికి వచ్చింది. స్పెయిన్‌లో ఈరోజుకీ కారును కోచే అనే అంటారు. హంగరీలో కూడా మామూలు సంభాషణలో కారంటే కోచి. అంటే మనం ఎస్‌4 కోచ్ ఎక్కడుందని అడిగినప్పుడల్లా, హంగరీలో ఒక పల్లెటూరి పేరు తలుస్తున్నాం అన్నమాట.

చీరల కొట్టు, వన్‌టౌన్
మాస్టారూ, ఇది మా కొట్లో రోజూ జరిగేదే. ‘రెండు మంగళగిరులు చూపించండి, ఒక వెంకటగిరి తీయండి’ అంటారు వచ్చినవాళ్లు. చీర అనే మాట ఎవరూ వాడరు. మంగళగిరి అంటే ఊరని తెలిసే అంటారు, కానీ ఆ నిమిషంలో వాళ్ల కంటికి కనిపించేది నిజాం అంచు నేత చీరే. పోచంపల్లి, గద్వాల, ఉప్పాడ, ఏ పేరు తీసుకున్నా ఇంతే. సరుకు బాగుంటే ఊరి పేరే సరుకు పేరైపోతుంది. ఆ హంగరీ వడ్రంగులు ఎంత మంచి పనివాళ్లయితే వాళ్ల ఊరి పేరు ఇన్ని దేశాలు తిరిగిందో! ఒక నేతగాడి ఇంట పుట్టినదాన్ని, ఈ మాట వింటే సంతోషంగా ఉంది.

తెనాలి ఇంగ్లీషు మాస్టారు
సరిగ్గా పట్టుకున్నారమ్మా. బండ్ల విషయంలో యూరప్ అంతటా ఇదే తంతు. పైకప్పు రెండు వైపులకూ తెరుచుకునే గుర్రబ్బండిని ల్యాండో అంటారు, అది జర్మనీలో ల్యాండౌ పట్నం పేరు. బెర్లిన్ అనే పేరుతో మరో రకం బండి ఉండేది. లిమోసిన్ కారుకు పేరిచ్చింది ఫ్రాన్స్‌లో లిమోసాఁ అనే ప్రాంతం. వీటన్నిటిలో ఎక్కువ దూరం నడిచింది మాత్రం కోచే. మిగతావి బండి దగ్గరే ఆగిపోయాయి. ఇది రైలెక్కింది, బస్సెక్కింది, విమానమెక్కింది, కాలేజీలోకీ ఆటస్థలంలోకీ కూడా పోయింది.

పటమటలంక
కేరళలో కొచ్చికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? హంగరీవాళ్లు కోచి అంటారన్నారు కదా, అందుకని అడుగుతున్నా.

తెనాలి ఇంగ్లీషు మాస్టారు
లేదండీ. శబ్దం కలిసింది, అంతే.

బెజవాడ జంక్షన్
రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో చేసి రిటైరైనవాణ్ని. బండి రైలెక్కిన సంగతి నేను చెప్తాను.

1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య రైలు మొదలైనప్పుడు ప్రయాణికుల పెట్టె ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా గుర్రపు కోచ్. కాబట్టి మూడు కోచ్‌ల ఒళ్లను వరసగా అతికించి ఒకే చట్రం మీద కూర్చోబెట్టారు. ఆ కాలపు ఫస్ట్ క్లాస్ పెట్టెల బొమ్మలు చూడండి, కిటికీల వంపు, తలుపుల తీరు అన్నీ గుర్రబ్బండివే. సామాను పైకప్పు మీద కట్టేవాళ్లు, గార్డు కూడా పైనే కూర్చునేవాడు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లోపల దారి లేదు. ఎవరి తలుపు వారిదే.

బండితో పాటు బండి మాటలు కూడా రైల్వేలోకి దిగాయి. గార్డు అంటే మొదట్లో మెయిల్ కోచ్ మీద తుపాకీతో టపాకు కాపలా ఉన్న మనిషి. ఇంగ్లాండ్‌లో 1784లో టపా మోసే కోచ్‌లు మొదలయ్యాయి, మన బెజవాడ మీదుగా పోయే హౌరా-చెన్నై మెయిల్ పేరులో ఉన్న మెయిల్ ఆ వంశానిదే. బుకింగ్ కూడా అంతే. కోచ్‌లో చోటు కావాలంటే సత్రానికి వెళ్లి అక్కడున్న పుస్తకంలో పేరు రాయించుకోవాలి. పుస్తకంలో రాయించుకోవడమే బుకింగ్. ఇప్పుడు ఫోన్లో వేలు ఆడించి చేసుకుంటున్నా మాట ఆ పుస్తకందే.

ఇంకొకటి. మన జనం పెట్టెను ‘బోగీ’ అంటారు. మా వర్క్‌షాపు భాషలో బోగీ వేరు. పెట్టె కింద రెండు చివర్లా చక్రాల చట్రాలు ఉంటాయి చూడండి, అవి బోగీలు. ఒక్కో బోగీకి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. రెండు బోగీల మీద ఒక పెట్టె కూర్చుంటుంది. బోగీ మలుపులో తనంతట తాను తిరుగుతుంది కాబట్టే అంత పొడవు పెట్టె కూడా పట్టాలు తప్పకుండా ఒంపు తిరుగుతుంది. పాతకాలంలో నాలుగు చక్రాల చిన్న పెట్టెలుండేవి. పొడవాటి పెట్టెలు వచ్చాక వాటిని వేరుగా చెప్పడానికి ‘బోగీ క్యారేజీ’ అన్నారు. ఇంగ్లాండ్ ఉత్తరాన బొగ్గు గనుల వైపు తోపుడు ట్రాలీని బోగీ అనేవాళ్లు, ఆ మాటే ఇది. మన దేశంలో క్యారేజీ రాలిపోయి బోగీ మిగిలింది. చీరల కొట్టు అమ్మగారు చెప్పిన పద్ధతే ఇక్కడా.

ప్రయాణికులు బోగీ అంటే తప్పని నేను అనను. ‘రైలు పెట్టె’ అనే మన మాట మాత్రం పోకూడదని నా కోరిక. మా అమ్మ జీవితమంతా పెట్టె అనే అంది.

టిమ్ మిషన్
ఆర్టీసీలో కండక్టర్ని. గుర్రపు కోచ్‌ల గురించి మాట్లాడుతూ ‘స్టేజీ’ని వదిలేశారు, అది మా అన్నం ముద్ద లాంటి మాట. ఇంగ్లీషు సినిమాల్లో స్టేజ్ కోచ్ అని వింటాం కదా, ఆ స్టేజీకీ మా బస్సు స్టేజీకీ ఏమైనా బంధుత్వం ఉందా మాస్టారూ?

మా పని తెలియనివాళ్లకు చెప్తాను. రూటు మొత్తాన్ని స్టేజీలుగా విడగొడతారు. చార్జీ లెక్క స్టేజీని బట్టే. బస్సు ఒక స్టేజీ దాటగానే టిమ్ మిషన్‌లో, అంటే మేం టికెట్లు కొట్టే మిషన్‌లో, స్టేజీ మార్చాలి. మార్చడం మరిచి టికెట్ కొడితే వెనక ఊరి పేరు పడుతుంది, ప్రయాణికుడికి నాలుగు రూపాయలు ఎక్కువ పడొచ్చు, చెకింగ్ వాళ్లు ఎక్కితే మాకు టెన్షన్. స్టేజీలోపు అందరికీ టికెట్లు ఇచ్చేయాలన్నది మా మొదటి పాఠం. పల్లెవెలుగులో ఒక పక్క పిల్లలతో, మూటలతో ఎక్కుతూ ఉంటారు, ఇంకో పక్క స్టేజీ దగ్గరపడుతూ ఉంటుంది. పల్లెల్లో బస్సు ఆగే చోటునే ‘మా ఊరి స్టేజీ’ అంటారు.

తెనాలి ఇంగ్లీషు మాస్టారు
బంధుత్వం కాదు బాబూ, అదే మాట. కోచ్‌కు కట్టిన గుర్రాలు ఎంతో దూరం పరిగెత్తలేవు. పది పదిహేను మైళ్లకొకసారి సత్రం దగ్గర ఆపి కొత్త గుర్రాలను కట్టేవాళ్లు. అలా ఒక మార్పు నుంచి ఇంకో మార్పు దాకా ఉన్న దూరమే స్టేజీ. మన పాత తెలుగులో మజిలీ. మజిలీ మజిలీకీ ఆగుతూ పోయేది స్టేజ్ కోచ్.

మన చట్టంలో కూడా ఆ మాట అలాగే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ‘స్టేజ్ క్యారేజ్’, ‘కాంట్రాక్ట్ క్యారేజ్’ అని రెండు రకాలు. దారిలో ఎక్కించుకుంటూ దింపుకుంటూ, ఒక్కొక్కరి దగ్గర విడిగా చార్జీ తీసుకుంటూ పోయేది మొదటి రకం, మీ బస్సు. బండి మొత్తాన్ని ఒప్పందం మీద మాట్లాడుకుంటే రెండోది, దారిలో ఎవరినీ ఎక్కించుకోకూడదు. గుర్రాలు పోయి ఇన్నేళ్లయినా పర్మిట్ కాగితం మీద మాత్రం మజిలీ ఉంది.

టిమ్ మిషన్
ధన్యవాదాలు మాస్టారూ. రేపు డ్యూటీలో మా డ్రైవరన్నకు చెప్తాను, గుర్రాలు మార్చుకునే చోటని.

డల్లాస్‌లో గుంటూరు
నాది కొరిటెపాడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో విమానం టికెట్ మీద ‘కోచ్’ అని చూసి, ఎయిర్‌పోర్టు నుంచి బస్సు ఇస్తున్నారేమో అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. అమెరికాలో కోచ్ అంటే ఎకానమీ క్లాస్. రైల్లో కూడా పడక లేని మామూలు కూర్చునే పెట్టె కోచ్, డబ్బున్నవాళ్లది పడక పెట్టె. రైలు నుంచే ఆ మాట విమానానికి వచ్చింది. ఇంగ్లాండ్‌లో ఉన్న మా చెల్లెలు కోచ్ అంటే ఊరి నుంచి ఊరికి పోయే దూరప్రయాణం బస్సు. ఊళ్లో తిరిగేది బస్సు, ఊళ్ల మధ్య తిరిగేది కోచ్. ముగ్గురం ఫోన్లో మాట్లాడుకుంటూ కోచ్‌లో వస్తున్నా అంటే, గుంటూరులో నాన్న రైలనుకుంటారు, చెల్లి బస్సనుకుంటుంది, నేను విమానం అనుకుంటాను. మొదట ఇది రాజులూ ప్రభువులూ ఎక్కిన బండి కదా, చివరికి అన్ని చోట్లా మామూలు జనం ఎక్కేదైంది. అది నాకు బాగా నచ్చింది.

బ్రాడీపేట 4వ లైను
ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. బండి సంగతి అర్థమైంది. ఇక పాఠం సంగతి ఎవరైనా చెప్పండి. బండి మాట గురువుకు ఎలా అంటుకుంది?

లెక్కల లెక్చరర్
ఇది నా రంగం కాబట్టి నేను అందుకుంటాను.

19వ శతాబ్దం మొదటి సగంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ల యాసలో పుట్టింది ఈ అర్థం. పరీక్ష గట్టెక్కడానికి డబ్బిచ్చి విడిగా పెట్టుకున్న ట్యూటర్‌ను కోచ్ అనేవాళ్లు. నిన్ను ఎక్కించుకుని పరీక్ష అవతలికి చేరుస్తాడు కాబట్టి కోచ్. నడిచి వెళ్తే ఎప్పటికి చేరతామో, బండెక్కితే చేరిపోతాం అన్న లెక్క. హాస్టల్లో పుట్టిన మాట అది, ఎవరో పండితుడు కూర్చుని చేసింది కాదు.

ఆ మాటకు గౌరవం తెచ్చింది మాత్రం కేంబ్రిడ్జి లెక్కల మాస్టర్లు. అక్కడ మ్యాథమెటికల్ ట్రైపోస్ అని ఒక పరీక్ష. రోజుల తరబడి రాయాలి. ఫలితాలు ర్యాంకుల వరసలో బయటికి చదివేవాళ్లు. మొదటి ర్యాంకువాణ్ని సీనియర్ రాంగ్లర్ అనేవాళ్లు, అతని పేరు దేశమంతా పత్రికల్లో వచ్చేది. ఆనర్స్‌లో ఆఖరి ర్యాంకువాడికి తోటి విద్యార్థులు నిజంగానే ఒక కొయ్య గరిటె చేయించి ఇచ్చేవాళ్లు. కాలేజీ పాఠాలతో ర్యాంకు రాదని, బయట కోచ్ దగ్గర చేరేవాళ్లు. విలియం హాప్కిన్స్ అనే కోచ్‌కు ‘సీనియర్ రాంగ్లర్లను తయారుచేసేవాడు’ అని పేరు. ఆయన తర్వాత ఎడ్వర్డ్ రౌత్ వచ్చాడు. ఆయన శిష్యుల్లో పాతికమందికి పైగా సీనియర్ రాంగ్లర్లు. చిన్న చిన్న బృందాలుగా పాఠం, వారం వారం పరీక్ష, ఎవరు ఎక్కడ తప్పారో చూసి మళ్లీ పాఠం. గన్నవరం దారిలో ఇప్పుడు మనం చూసే పద్ధతి దాదాపు అదే.

ఇప్పుడు ముఖ్యమైన ముక్క. 1854లో సీనియర్ రాంగ్లర్ ఈ రౌతే. ఆ ఏడు రెండో ర్యాంకు వచ్చింది జేమ్స్ క్లర్క్ మ్యాక్స్‌వెల్‌కు. విద్యుత్తు, అయస్కాంతం, కాంతి ఒకే గూటివని సమీకరణాల్లో చూపించిన మ్యాక్స్‌వెల్. అంతకు ముందు 1845లో రెండో ర్యాంకు విలియం థామ్సన్‌ది, తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు, ఉష్ణోగ్రతకు ఆయన పేరుతో కొలమానమే ఉంది. వాళ్లిద్దరూ హాప్కిన్స్ దగ్గర చదివినవాళ్లే. క్లాసులో రెండో ర్యాంకు వచ్చి ఏడ్చే పిల్లలకు నేను ఈ రెండు పేర్లు చెప్తాను, బోర్డు మీద రాసి మరీ చెప్తాను.

మన దేశం నుంచి మొదటిసారి సీనియర్ రాంగ్లర్ అయినవాడు రఘునాథ్ పరాంజపే, 1899లో. 1909 తర్వాత కేంబ్రిడ్జి ఆ ర్యాంకుల వరస ప్రకటించడం మానేసింది.

గ్రూప్స్ ప్రిపరేషన్
మానేశారా? అంత పేరున్న వరసను వాళ్లే తీసేశారా? ఎందుకండీ?

లెక్కల లెక్చరర్
ర్యాంకు కోసం చదవడంలో లెక్కల మీద ప్రేమ పోతోందని అక్కడి గణిత అధ్యాపకులే వాదించారు. వేగంగా లెక్క చేసే చెయ్యి తయారవుతోంది, కొత్త లెక్క పుట్టించే బుర్ర తయారు కావడం లేదని వాళ్ల బాధ. నాకూ అప్పుడప్పుడూ ఆ బాధ ఉంటుంది.

పాత గుంటూరు అమ్మ
ఈ ముక్క చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. ఎక్కించుకుని చేర్చేవాడు కోచ్ అన్నారు. మా వాణ్ని చేర్పించిన చోట మొదటి నెలలోనే సెక్షన్లు మార్చారు. మార్కులు తగ్గిన పిల్లలను కింది సెక్షన్‌కు పంపి, మంచి లెక్చరర్లను పైవాళ్లకే ఇచ్చారు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. రాత్రి స్టడీ అవర్‌లో వాడు సందేహం అడిగితే ‘అది పై సెక్షన్‌లో చెప్తారు’ అన్నారట. బండెక్కించుకుని సగం దారిలో దింపేసినట్టే కదా ఇది? వాణ్ని ఇంటికి తెచ్చేశాను. ఇప్పుడు పక్క వీధిలో రిటైరైన మాస్టారి దగ్గర ఐదారుగురు పిల్లలతో కలిసి చదువుకుంటున్నాడు. ఆయన గుమ్మంలో బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు. అర్థమయ్యేదాకా పక్కన కూర్చోబెట్టుకుని చెప్తాడు. నా దృష్టిలో కోచ్ అనే మాటకు తగినవాడు ఆయన.

లెక్కల లెక్చరర్
అమ్మా, మీరు చేసిన పని మంచిది. నేను కూడా ఒక కోచింగ్ సంస్థలోనే పనిచేస్తున్నాను, కాబట్టి లోపలి నుంచి చెప్తున్నాను. ఒక సెక్షన్‌లో ఎనభై మంది ఉంటే, తల ఊపుతున్న పిల్లవాడికి అర్థమైందో లేదో నాకు తెలియదు. ముందు బెంచీల ముఖాలు చూసి పాఠం ముందుకు నడిపిస్తాం. వెనక బెంచీలో ఒకడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంటాడు. అందుకే నేను గంట చివర పది నిమిషాలు ఆపి నోటుపుస్తకాలు తిరగేస్తాను. లెక్క ఎక్కడ ఆగిందో పుస్తకంలో కొట్టివేతలే చెప్తాయి. అలా ఆపితే సిలబస్ వెనకబడుతోందని పైనుంచి మాట వస్తుంది. వస్తే రానీ అనుకుంటున్నాను. మీ పక్క వీధి మాస్టారి లాంటివాళ్లు ప్రతి పేటలో ఒకరుంటే మా క్లాసులు సగం ఖాళీ అయినా నాకు బాధ లేదు.

పటమటలంక
రెండు వైపులా వింటున్నాను. నా వరకు కోచింగ్ వల్లే ఉద్యోగం వచ్చింది, మా ఊళ్లో ఇంగ్లీషు చెప్పే దిక్కు లేదు. కోచింగ్ అంతా చెడ్డదని ఎవరూ అనుకోకూడదని ఈ ఒక్క మాట.

తెనాలి ఇంగ్లీషు మాస్టారు
ఆటల సంగతి మిగిలింది, చెప్పేస్తాను. పరీక్ష కోచ్ అనే మాట యూనివర్సిటీలో బాగా నలిగాక, అదే కుర్రాళ్లు పడవ పందాల్లో తమకు తర్ఫీదు ఇచ్చేవాణ్నీ కోచ్ అన్నారు. 1860ల నాటికి ఆ వాడకం కనిపిస్తుంది. తర్వాత క్రికెట్, ఫుట్‌బాల్, అన్నిటికీ పాకింది. మన దగ్గరికి వచ్చేసరికి ఆట కోచ్, పరీక్ష కోచింగ్, రైలు కోచ్ మూడూ వేర్వేరు దారుల్లో వచ్చి చేరాయి. అందుకే వాటి మధ్య చుట్టరికం మనకు కనబడదు.

హిందీ, ఉర్దూల్లో ‘కోచ్‌వాన్’ అని ఇంకో మాట ఉంది. గుర్రబ్బండి తోలేవాడు. ఇంగ్లీషు కోచ్‌కు గాడీవాన్, దర్వాన్ లాంటి మాటల్లో ఉండే ‘వాన్’ చేర్చి చేసుకున్నారు. మన వైపు అది అంతగా అంటలేదు. మనకు జట్కా ఉంది, జట్కా సాయిబు ఉన్నాడు.

పటమటలంక
బెజవాడ జంక్షన్ గారూ, స్టేషన్ పక్కన ‘కోచింగ్ డిపో’ అనే మాట విన్నాను. రైల్వే వాళ్లు కూడా పరీక్షలకు పాఠాలు చెప్తున్నారా?

బెజవాడ జంక్షన్
ఈ ప్రశ్న నన్ను సర్వీసంతా చాలామంది అడిగారు. రైల్వేలో కోచింగ్ అంటే ప్రయాణికుల పెట్టెలకు సంబంధించినది, గూడ్స్‌కు ఎదురు మాట. కోచింగ్ డిపో అంటే పెట్టెలను కడిగి, తనిఖీ చేసి, మరమ్మతు చేసి మళ్లీ ప్రయాణానికి పంపే చోటు. విజయవాడలో బయల్దేరే పినాకిని, రత్నాచల్, శాతవాహన లాంటి బండ్లకు ఇలాంటి చాకిరీ లేకపోతే మర్నాడు కదలవు.

రేక్ మొత్తాన్ని, అంటే ఒక బండి పెట్టెలన్నిటినీ కలిపి, పిట్ లైన్ మీదికి తెస్తారు. పట్టాల మధ్య మనిషి నిలబడి పనిచేసేంత లోతు గొయ్యి ఉంటుంది. అందులో దిగి తల పైకెత్తి చూస్తే పెట్టె పొట్ట అంతా కనబడుతుంది. బ్రేకు బ్లాకులు ఎంత అరిగాయి, స్ప్రింగుకు చీలిక ఉందా, పైపులో గాలి కారుతోందా, ఒక్కొక్కటే చేత్తో తడిమి చూడాలి. పైన ప్రయాణికుడికి కనబడే సీటు, ఫ్యాను, కుళాయి వేరే బృందం చూస్తుంది.

బండి స్టేషన్లోకి వస్తున్నప్పుడు ప్లాట్‌ఫారం చివర మా వాళ్లు పట్టాలకు దగ్గరగా కూర్చుని ఉంటారు, ఎప్పుడైనా గమనించారా? ఊరికే కూర్చున్నారనుకుంటారు. వాళ్లు ఒక్కో చక్రం శబ్దం వింటున్నారు. చక్రం ఒక పక్క చదునైతే లయ తప్పి కొట్టుకుంటుంది. బేరింగు వేడెక్కితే వాసన ముందు వస్తుంది. బండి ఆగాక ఇరుసు పెట్టెల మీద వేడి కొలుస్తారు. నా చెవికి ఇప్పటికీ రైలు శబ్దం వింటే ఎన్నో చక్రం తేడాగా ఉందో తెలుస్తుంది. అలవాటు పోలేదు, పోవాలని కూడా లేదు.

గ్రూప్స్ ప్రిపరేషన్
సార్, చివరిగా ఒక సందేహం. నేను గుంటూరు నుంచి తరచూ వెళ్తుంటాను. ఒకసారి స్లీపర్‌లో 72 బెర్తులు ఉంటాయి, ఒకసారి 80 ఉంటాయి. కోచ్ పక్కన రాసిన పెద్ద నంబరుకు కూడా అర్థం ఏమైనా ఉందా?

బెజవాడ జంక్షన్
ఉంది బాబూ. 72 ఉంటే అది ఐసీఎఫ్ పెట్టె. మద్రాసు పెరంబూరులో 1955లో పెట్టిన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ స్విస్ కంపెనీ సాయంతో మొదలుపెట్టిన రకం. ఎక్కువగా నీలం రంగులో ఉంటాయి. 80 ఉంటే ఎల్‌హెచ్‌బీ, ఎక్కువగా ఎరుపు. జర్మనీలో లింకె హాఫ్‌మన్ బుష్ అనే కంపెనీ నమూనా. స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్లు, పొడవు కాస్త ఎక్కువ, అందుకే ఒక వరస బెర్తులు అదనంగా పట్టాయి. గుద్దుకున్నప్పుడు ఒక పెట్టె ఇంకో పెట్టె మీదికి ఎక్కకుండా ఉండే కప్లింగు దీనికి ఉంది. నా దృష్టిలో ఈ మార్పులో అన్నిటికన్నా పెద్ద మేలు అదే. 2018 నుంచి పెరంబూరులో పాత రకం తయారీ ఆపేశారు. ఉన్నవి వయసు తీరేదాకా తిరుగుతాయి.

ఇక నంబరు. టికెట్ మీద ఉండే ఎస్‌4, బి2 ఆ రోజు ఆ బండిలో దాని చోటు మాత్రమే. ఎస్ అంటే స్లీపర్, బి అంటే థర్డ్ ఏసీ, ఎ అంటే సెకండ్ ఏసీ, హెచ్ అంటే ఫస్ట్ ఏసీ. పెట్టె పక్కన పెయింటుతో రాసిన పొడుగు అంకె దాని సొంత నంబరు. మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. 18 అని ఉంటే 2018, 97 అని ఉంటే 1997. పాత పెట్టెల్లో అయితే చివరి మూడంకెలను బట్టి అది ఏ రకం పెట్టో తెలుస్తుంది. ఈసారి ఎక్కేముందు తలుపు పక్కన ఆ నంబరు చూడు. 90ల్లో పుట్టిన పెట్టె కనబడితే ఈ చర్చలోనే రాయి, అది ఏ వర్క్‌షాపులో ఎప్పుడు మరమ్మతు అయ్యిందో పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చూసి చెప్పు.